కొరియన్ ‘పోదా’ అభ్యాస డైరీ: తెలుగు ‘చూడు’ ఎంతవరకు తోడు వస్తుంది

ఈ డైరీ ఒకే ఒక్క కొరియన్ క్రియ గురించి. ‘పోదా’ అంటే చూడడం. అది స్వతంత్ర క్రియగానూ వస్తుంది, మరో క్రియ వెనక సహాయక క్రియగానూ వస్తుంది. ‘తిని చూడు’, ‘అడిగి చూడు’, ‘వేసుకుని చూడు’ అనే అలవాటు మనకు పుట్టుకతోనే ఉంది కాబట్టి ఈ రెండో వాడుక తెలుగువారికి సగం నేర్చినట్టే. అయితే చాలామందిమి ఇంగ్లీషు పాఠ్యపుస్తకాల మీదుగా కొరియన్ నేర్చుకుంటున్నాం కాబట్టి ఆ సగం కూడా చేజారిపోతోంది. ఏ వాడుకలో తెలుగు సరిపోయింది, ఏ వాడుకలో తప్పుదారి పట్టించింది, దాన్ని సరిచేయడానికి ఏం మార్చవలసి వచ్చింది అన్నవే ఇక్కడ రాసిపెట్టాను. ఇదే పద్ధతిని మరో క్రియకు వాడుకోదలచినవారు దశల క్రమం మార్చకుండా వెళ్లడం మంచిది.

వాడిన పరికరాలు

1. నాలుగు నిలువు గళ్లు గీసిన నోటుపుస్తకం: తెలుగు వాక్యం, కొరియన్ వాక్యం, ‘చూడు’ సరిపోయిందా లేదా, లేకపోతే కారణం.
2. అంకీ: ముందువైపు ప్రశ్న, వెనకవైపు జవాబు ఉండే అభ్యాస కార్డుల యాప్.
3. ఫోన్ రికార్డరు, రికార్డు చేసిన ధ్వనిని తరంగరూపంలో చూపించే ఆడాసిటీ.
4. కొరియా జాతీయ భాషా సంస్థ ఉచితంగా ఇచ్చే అభ్యాసకుల నిఘంటువు. అందులో 11 విదేశీ భాషలలో అర్థాలు ఉన్నాయి. తెలుగు లేదు. నోటుపుస్తకంలో మొదటి గడి అవసరమైంది అందుకే.
5. రాసిన వాక్యాలను సరిదిద్దే కొరియన్ ఉపాధ్యాయురాలు. మనిషి సాయం లేకుండా నాలుగో దశ దాటడం కష్టం.

దశ 1: రాత, ఉచ్చారణ

కొరియన్ లిపి హంగుల్‌లో మూలాక్షరాలు 24 మాత్రమే, 14 హల్లులు, 10 అచ్చులు. వాటిని ముందే నేర్చుకోవాలి. తెలుగు లిపిలో రాసుకుంటూ నెట్టుకొచ్చే పద్ధతి ఈ క్రియ దగ్గరే కూలిపోయింది. కొరియన్‌లో పెదవులు గుండ్రంగా చుట్టి పలికే అచ్చు ఒకటి, చుట్టకుండా నోరు కాస్త తెరిచి పలికే అచ్చు ఇంకొకటి ఉన్నాయి. మన చెవికి రెండూ ‘ఒ’ లాగే వినిపిస్తాయి, రెండింటికీ అదే అక్షరం రాసేస్తాం. దాంతో ‘చూడు’ అనే పోదా, ‘పారేయి’ అనే పొరిదా నోటుపుస్తకంలో ఒకే అక్షరంతో మొదలయ్యాయి. పొరిదా కూడా సహాయక క్రియే. ‘మొగొ బోదా’ అంటే తిని చూడడం, ‘మొగొ బొరిదా’ అంటే తినేయడం. అచ్చు తేడా పోతే ఈ రెండింటి తేడా కూడా పోతుంది.

ఈ డైరీలో చదువరుల సౌకర్యం కోసం పెట్టుకున్న నియమం ఇది. పెదవులు చుట్టి పలికే అచ్చుకు ‘ఓ’, చుట్టనిదానికి ‘ఒ’ రాశాను. ఈ దీర్ఘం పెదవుల ఆకారానికి గుర్తు మాత్రమే, నిడివికి కాదు. మీ నోటుపుస్తకంలో హంగుల్ మాత్రమే వాడండి.

రెండో చిక్కు మొదటి హల్లుది. మన ‘ప’లో ఊపిరి దాదాపు ఉండదు. అదే ‘ప’తో పోదా అంటే కొరియన్ చెవికి అది బిగించి పలికే మరో హల్లులా వినిపిస్తుంది. ఆడాసిటీలో తెలుగు ‘పోదాం’ అనే మాటను, ఉపాధ్యాయురాలి ‘పోదా’ను పక్కపక్కన పెట్టి, పెదవులు విడిపోయిన క్షణం నుంచి అచ్చు మోగడం మొదలయ్యేవరకు ఉన్న ఖాళీని కొలిచాను. తెలుగులో అది సుమారు 15 మిల్లీసెకన్లు, ఆమె పలుకులో సుమారు 55.

1. ‘ప’కు కొద్దిగా ఊపిరి కలపండి. ‘ఫ’ అంత వద్దు.
2. తర్వాతి అచ్చును తక్కువ స్థాయిలో మొదలుపెట్టండి. నేటి సియోల్ పలుకుబడిలో ఈ హల్లును ఊపిరి హల్లు నుంచి వేరు చేసేది ప్రధానంగా ఈ స్వరస్థాయే.
3. ముందు మాట అచ్చుతోగానీ, న, మ, ల వంటి ధ్వనితోగానీ ముగిస్తే అదే హల్లును ‘బ’గా పలకండి. కొరియన్‌కు అది ఒకే అక్షరం. మనకు మాత్రం పోదా, బోదా అని రెండు వేర్వేరు మాటల్లా వినిపిస్తాయి.

మూడో అంశం తెలియకుండా వినికిడి అభ్యాసం మొదలుపెడితే, సహాయక క్రియ వచ్చిన ప్రతి చోటా అది ‘కొత్త మాట’గా తోస్తుంది. తర్వాతి దశలో వచ్చే ప్వా రూపం ఇలాగే ‘బ్వా’ అవుతుంది. వాడుక సంభాషణలో అది తరచు ‘బా’గా కుదించుకుపోతుంది కూడా.

ఇప్పటికి కార్డులు: 0. ఈ దశలో కార్డులు చేయకండి.

దశ 2: రూపాల పట్టిక

ఇది త్వరగా ముగిసింది. పో అనే ధాతువుకు ఆ చేరితే ప్వా అవుతుంది. అది తెలిస్తే మిగతావన్నీ దాదాపు క్రమం తప్పవు. తయారుచేసిన రూపాలు: ప్వాయో, ప్వాస్సొయో, పోమ్నిదా, పోసేయో, పోల్‌కేయో, పోప్‌సిదా, పోజి మాసేయో, పోగో, పోమ్యొన్, పోనిక్కా, పోన్, పోల్. వరుసగా చూస్తాను, చూశాను, సభామర్యాదతో చూస్తాను, చూడండి, నేను చూస్తానులెండి, చూద్దాం, చూడకండి, చూసి లేదా చూస్తూ, చూస్తే, చూసినందున లేదా చూడగా, చూసిన, చూడబోయే అనే అర్థాలు.

ఇక్కడ మార్చినది కార్డు ముఖం. మొదట కార్డు ముందువైపు ఇంగ్లీషు అర్థాలు ఉండేవి. ఇంగ్లీషులో చూడడానికి మూడు నాలుగు వేర్వేరు క్రియలున్నాయి. తెలుగులోనూ కొరియన్‌లోనూ వాటన్నిటికీ ఒకటే క్రియ సరిపోతుంది. లేని తేడాను మధ్యలో తెచ్చిపెట్టుకుని, మళ్లీ దాన్ని చెరుపుకోవడం వృథా శ్రమ. ముందువైపు తెలుగు వాక్యం, వెనకవైపు కొరియన్ వాక్యం పెట్టాక, జవాబు రావడానికి పట్టే సమయం చెప్పుకోదగినంత తగ్గింది.

ఇప్పటికి కార్డులు: 12.

దశ 3: నామవాచకాలతో జత

నిఘంటువులో పోదా కింద ఉన్న అర్థాలు చదివి బట్టీపట్టే ప్రయత్నం నిలవలేదు. అర్థాల సంఖ్య ఎక్కువ, ఒకదానికొకటి పొంతన తక్కువ. అర్థాలను వదిలి, ఏ నామవాచకంతో జతకడుతుందో దాని ప్రకారం మూడు గుంపులు చేశాను. గుంపులకు కొలబద్ద తెలుగే.

మొదటి గుంపులో తెలుగు ‘చూడు’ నేరుగా సరిపోతుంది. సినిమా చూడడం, రుచి చూడడం (మాసుల్ బోదా), వైద్యుడు రోగిని చూడడం (హ్వాన్‌జారుల్ బోదా), పెళ్లికి పిల్లను చూడడం (సొనుల్ బోదా) ఇందులోవి. వంటలో ‘ఉప్పు చూడు’ అన్నదానికి ‘కానుల్ బోదా’ అచ్చంగా అదే. ఉప్పును కళ్లతో చూసేది లేదని రెండు భాషలకూ తెలుసు. మొత్తం 5.

రెండో గుంపులో మనం ‘చూడు’కు తోక తగిలిస్తాం, కొరియన్ తగిలించదు. పిల్లను చూసుకోవడం ఆఇరుల్ బోదా, ఇల్లు చూసుకోవడం చిబుల్ బోదా. ‘కొను’కు సమానమైనది వెతుక్కుంటూ ఆగిపోకూడదు, ఉన్నదాన్ని ఉన్నట్టే వాడాలి. జోస్యం ‘చూపించుకోవడం’ కూడా ఇక్కడిదే. చెప్పించుకునేవాడికి కూడా చొముల్ బోదా అనే అంటారు. ‘పని చూసుకుని వస్తాను’ అన్నదానికి పోల్లిల్ అనే మాటతో ఇదే క్రియ వస్తుంది. కాకపోతే అది కాలకృత్యాలకు మర్యాదమాట కూడా కాబట్టి సమావేశం మధ్యలో లేచి అనేముందు సందర్భం చూసుకోవాలి. మొత్తం 4.

మూడో గుంపులో తెలుగు అసలు పనికిరాదు. మనం పరీక్ష రాస్తాం, కొరియన్లు చూస్తారు: షిహొముల్ బోదా. ఇంటర్వ్యూకు హాజరవడం మ్యొన్‌జొబుల్ బోదా, అంగడికి వెళ్లి ఇంటికి కావలసినవి కొనుక్కోవడం చాఙుల్ బోదా, నష్టపోవడం సోన్హేరుల్ బోదా, ఒకరి వెనక వారి గురించి చెడుగా మాట్లాడడం హ్యుఙుల్ బోదా, ఎదుటివారి మనసులో ఏముందోనని వారి ముఖకవళికలు కనిపెట్టుకుని మసలుకోవడం నూన్‌ఛిరుల్ బోదా. మొత్తం 6. ఈ ఆరింటినే గట్టిగా బట్టీపట్టాలి. మిగతావాటికి ఒకసారి చదవడం చాలు.

గుంపులకు అందని రెండు వాక్యాలు విడిగా రాసుకోవాలి. ‘నేఇల్ బ్వాయో’ అంటే రేపు కలుద్దాం అనే ఖాయమైన మాట. మనం ‘రేపు చూద్దాం’ అంటే దాదాపు కాదన్నట్టే. మాటకు మాట పెట్టుకుని విన్న తెలుగువాడు, కొరియన్ మిత్రుడు తప్పించుకుంటున్నాడని అనుకునే ప్రమాదం ఉంది. ఎటూ తేల్చని మాట కావలసినప్పుడు ‘ఆలోచించి చూస్తాను’ అన్న తెలుగు వాక్యాన్నే కొరియన్‌లో పెట్టుకోండి, అది సరిపోతుంది. రెండోది ‘తూగో బోజా’. మాటకు మాట ‘ఉంచి చూద్దాం’ అయినా, వాడుకలో అది ‘చూస్తా నీ సంగతి’ అనే బెదిరింపు.

ఇప్పటికి కార్డులు: 12 + 17 = 29.

దశ 4: ‘చేసి చూడు’

మొత్తం పనిలో ఎక్కువ కాలం పట్టినదీ, ఎక్కువ ఫలం ఇచ్చినదీ ఈ దశ. ముందు ‘చేసి’ రూపం కట్టడం నేర్చుకోవాలి.

1. ధాతువులోని చివరి అచ్చు ఆ గానీ ఓ గానీ అయితే ఆ చేర్చండి. వెతకడం అనే ఛాత్తాకు ఛాజా.
2. వేరే అచ్చు అయితే ఒ చేర్చండి. తినడం అనే మొక్తాకు మొగొ, తొడుక్కోవడం అనే ఇప్తాకు ఇబొ.
3. చేయడం అనే హాదాకు హే.
4. దారి తప్పేవాటిని విడిగా రాసుకోండి. వినడం తుత్తా, దాని రూపం తురొ. అడగడం మూత్తా, మూరొ. సహాయం చేయడం తోప్తా, తోవా.

అచ్చును బట్టి ప్రత్యయం మారడం మనకు వింత కాదు. ‘హరికి’ అంటాం, ‘రాముకు’ అంటాం.

తర్వాత ‘బోదా’ చేర్చడమే. మొగొ బోసేయో, తిని చూడండి. ఇబొ బ్వాదో ద్వేయో, తొడుక్కుని చూడవచ్చా. బట్టల దుకాణంలో పనికొచ్చే ఈ రెండో వాక్యం మాటల వరుసతో సహా తెలుగులోంచి దింపుకోవచ్చు. నడుమ చిన్న మాటలు దూర్చడం కూడా కుదురుతుంది. ‘తినైతే చూశాను’ అన్నట్టు మొగొనున్ బ్వాస్సొయో, ‘తిని కూడా చూశాను’ అన్నట్టు మొగొదో బ్వాస్సొయో.

ఇంగ్లీషు మీదుగా వచ్చినవారు చేసే ప్రధానమైన పొరపాటుకు ఇక్కడ తెలుగే విరుగుడు. పాఠ్యపుస్తకం ఈ రూపానికి ‘ప్రయత్నించు’ అని అర్థం ఇస్తుంది. దాన్ని నమ్మి ‘తెల్లవారుజామున లేవడానికి ప్రయత్నించాను, లేవలేకపోయాను’ అన్న వాక్యంలో బోదా పెడితే కుదరదు. తెలుగులో ‘లేచి చూశాను కానీ లేవలేకపోయాను’ అనం. ‘చేసి చూడడం’లో చేయడం అప్పటికే జరిగిపోయి ఉండాలి, ఫలితం ఎలా ఉందన్నదే తేలాలి. కొరియన్‌కూ అంతే. అందని పనికి ఇరొనార్యొగో హేస్సొయో అనే వేరే నిర్మాణం ఉంది. అందువల్ల నోటుపుస్తకంలో మూడో గడికి ఈ పరీక్ష చేర్చాను: తెలుగులో ‘-ఇ చూశాను’ అని నోటికి రాకపోతే, కొరియన్‌లోనూ బోదా పెట్టవద్దు.

ఆ పరీక్ష విఫలమైనది ఒకే పెద్ద చోట, అనుభవం గురించి అడిగేటప్పుడు. కా బ్వాస్సొయో అంటే ‘ఎప్పుడైనా వెళ్లారా’ అని. తెలుగులో ‘జేజు ద్వీపానికి వెళ్లి చూశారా’ అంటే, వెళ్లి అక్కడేదో పరిశీలించారా అన్న అర్థం వస్తుంది. మొగొ బ్వాస్సొయో కూడా అలాగే, ‘ఎప్పుడైనా తిన్నారా’ అని. భూతకాలంలో బోదా కనిపిస్తే తెలుగు అర్థంలో ‘ఎప్పుడైనా’ లేదా ‘ఒకసారి’ పెట్టి చదవాలన్న నియమాన్ని పరీక్ష కింద ఎర్ర సిరాతో చేర్చాను. అభ్యాసంలో ఉపాధ్యాయురాలు గుర్తుపెట్టిన దోషాలలో ఎక్కువ భాగం ఈ ఒక్క నియమంతో తొలగిపోయాయి.

చూడడం గురించే అనుభవం అడగాలంటే, ‘ఆ సినిమా చూశారా’ అన్నదానిలో పోదాకు మళ్లీ బోదా తగిలిస్తే ఎబ్బెట్టుగా ఉంటుంది. పోన్ జొగి ఇస్సొయో అనాలి. తెలుగులో ‘చూసి చూశారా’ అనని కారణం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. ‘ఇదిగో చూడు’ అనే ప్వా బ్వా మాత్రం మాటల్లో ధారాళంగా వినిపిస్తుంది.

వ్యతిరేకార్థంలో స్థానం మారుతుంది. మనం ‘తిని చూడలేదు’ అని చివర పెడతాం. కొరియన్ మాటల్లో ఆన్ అనే చిన్న మాట మొత్తం జతకు ముందు వస్తుంది: ఆన్ మొగొ బ్వాస్సొయో. తినడానికీ చూడడానికీ మధ్య దాన్ని దూర్చకూడదు.

గుణవాచకాలకు బోదా తగలదు. అక్కడ పోఇదా రావాలి, అది మన ‘కనిపించు’. యేప్పొ బోయొయో, అందంగా కనిపిస్తోంది. ఆన్ బోయొయో అంటే కనిపించడం లేదు, ఆన్ బ్వాయో అంటే చూడను. తరగతిలో వెనక కూర్చున్నవారు బోర్డు గురించి చెప్పేటప్పుడు రెండోది వాడితే ఉపాధ్యాయులు ఏమనుకుంటారో వేరే చెప్పనక్కరలేదు.

చివరగా ఒక రాత సంగతి. 1988లో ప్రకటించిన కొరియన్ వర్ణక్రమ నియమాలలో 47వది, సహాయక క్రియను విడిగా రాయడం సూత్రమనీ, కలిపి రాసినా అనుమతిస్తామనీ చెబుతుంది. ఉదాహరణ వాక్యాల కోసం ఖాళీ పెట్టి వెతికితే కలిపి రాసినవన్నీ తప్పిపోతాయి. రెండు విధాలా వెతకండి. మూరొబోదా (అడిగి చూడు) వంటివి నిఘంటువులో ఒకే పదంగా స్థిరపడ్డాయి కాబట్టి వాటిని ఎప్పుడూ కలిపే రాయాలి.

ఈ దశలో చేరినవి: 16 క్రియలకు ఒక్కొక్కటి, అనుభవానికి 2, పోన్ జొగికి 1, అందని ప్రయత్నానికి 1, వ్యతిరేకానికి 1, నడుమ దూర్చిన మాటకు 1, పోఇదాకు 2.

ఇప్పటికి కార్డులు: 29 + 24 = 53.

దశ 5: మర్యాద

తెలుగులో మర్యాద చివరి క్రియ మీదే పడుతుంది. ‘తిని చూడండి’లో ‘తిని’ మారదు. దాన్ని అనుసరించి మొగొ బోసేయో అంటే వ్యాకరణం తప్పదు, కానీ పెద్దవారికి వడ్డిస్తూ అనే మాట అది కాదు. మొదటి క్రియనే గౌరవరూపంలోకి మార్చి తుషొ బోసేయో అనాలి. మన ‘ఆరగించి చూడండి’ వంటి నిర్మాణం ఇది. మన దగ్గర అది పెళ్లిభోజనాల మాట అయితే వాళ్ల దగ్గర రోజూ వాడేది. పెనుకొండ దగ్గర కియా కార్ల కర్మాగారం వచ్చాక కొరియన్ అధికారులతో కలిసి భోజనానికి కూర్చునే తెలుగువారు ఉన్నారు. వారికి మొదట పనికొచ్చే వాక్యం ఇదే.

పెద్దవారిని కలవడానికి పోదా బదులు వేరే క్రియే ఉంది. ‘రేపు కలుస్తానండి’ అన్నదానికి నేఇల్ బ్వేప్‌కేస్సుమ్నిదా. కాస్త చనువుంటే నేఇల్ బ్వేయో. ఇందులో రెండోదాన్ని హంగుల్‌లో రాయడంలో కొరియన్లే తరచు తడబడతారు. రెండు అచ్చులు కలిసి కుదించుకుపోయిన రూపం రాయాలి, ధాతువును ఉన్నట్టే వదిలేయకూడదు.

ఇప్పటికి కార్డులు: 53 + 5 = 58.

దశ 6: ‘చూడు’ను పక్కన పెట్టవలసిన నిర్మాణాలు

ఇక్కడ మూడో గడి నిండా ‘లేదు’లే. వీటిని తెలుగు తుల్యంతో కలిపి ఒకే ముక్కగా నేర్చుకోవాలి.

1. పిగా ఓనా బ్వాయో: వాన పడుతున్నట్టుంది. లోపలికి వచ్చినవారి గొడుగు తడిసి ఉండడం చూసి అనే మాట. కిటికీలోంచి వాన కనిపిస్తుంటే అనకూడదు, తన గురించి తాను చెప్పేటప్పుడు కూడా సాధారణంగా వాడరు.
2. హాదా బోమ్యొన్: చేస్తూ పోతే. దీన్ని నాలుగో దశలోని హే బోమ్యొన్, అంటే ‘చేసి చూస్తే’తో కలపకండి. తెలుగులో మొదటిదానికి ‘పోవడం’, రెండోదానికి ‘చూడడం’ వస్తాయి కాబట్టి తెలుగు వాక్యమే సరైనదాన్ని ఎంచి ఇస్తుంది.
3. నుజుల్‌క్కా బ్వా: ఆలస్యమవుతుందేమోనని.
4. ఖొఫిబోదా: కాఫీ కంటే. ఇక్కడ బోదా క్రియ కాదు, నామవాచకానికి అంటుకునే ప్రత్యయం. కాలం, మర్యాద ఏవీ దీనికి చేరవు.
5. ఆల్గో బోని: ఇది ‘లేదు’ల మధ్య వచ్చిన ఒకే ‘అవును’. అచ్చంగా మన ‘తీరా చూస్తే’. దొంగ దొరికాడు, తీరా చూస్తే ఇంట్లోవాడే అన్నచోట రెండు భాషలూ చూడడాన్నే వాడుకున్నాయి.

మొదటి నిర్మాణం దగ్గర కార్డుల పద్ధతి సరిపోలేదు. ముందువైపు ‘వాన పడుతున్నట్టుంది’ అని ఒక్కటే ఉంటే ఎప్పుడు అనవచ్చో తెలియదు. అందుకని ప్రతి కార్డు ముందువైపు ఆధారాన్ని కూడా రాశాను: ‘గొడుగు తడిసి ఉంది’. ఒక్కో నిర్మాణానికి అలా రెండు కార్డులు చేయవలసి వచ్చింది.

ఇప్పటికి కార్డులు: 58 + 10 = 68. రెండో దశలోని 12 రూపాలు ఇప్పుడు వాక్యాలలో ఎక్కడో ఒకచోట వస్తున్నాయి కాబట్టి వాటి విడి కార్డులు తీసేశాను. మిగిలినవి 56.

ప్రస్తుతం నడుస్తున్న మార్పులు రెండు. మూడో దశలోని మూడో గుంపు కార్డులకు ధ్వని జతచేస్తున్నాను, ఎందుకంటే ‘చాఙుల్ బోదా’ను చదివితే గుర్తొస్తోంది గానీ వింటే అందడం లేదు. రెండోది, ఇవే నాలుగు గళ్లతో ‘ఇవ్వడం’ అనే చూదాకు కొత్త పేజీలు గీశాను. హే జూసేయో అన్నదానికి ఎదురుగా మొదటి గడిలో ‘చేసి పెట్టండి’ అని రాశాను, మూడో గడి ఇంకా ఖాళీగా ఉంది. ఇవ్వడానికీ పెట్టడానికీ ఎక్కడ తేడా వస్తుందో తేలాక ఆ గడి నింపుతాను.